దాచి ఉంచిన సాక్ష్యం: డాలస్ కౌంటీలో తప్పుడు శిక్షల చరిత్ర

కాపెల్ డాలస్ కౌంటీ వాయవ్యమూలన, డి.ఎఫ్.డబ్ల్యూ. విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న చిన్న ఊరు. గత రెండు మూడు దశాబ్దాలలో ఇక్కడ తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి. ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి అనే మెట్లు ఎక్కి, చివరికి పౌరసత్వ ప్రమాణం చేసినవారికి కొన్నాళ్ళలో కౌంటీ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. అది జ్యూరీ సేవకు పిలుపు. టెక్సస్‌లో ఓటర్ల జాబితా నుంచి, డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి పేర్లు తీసి ఈ పిలుపులు పంపుతారు. నేరవిచారణ అయితే డాలస్ నగరంలోని ఫ్రాంక్ క్రౌలీ న్యాయస్థాన భవనానికి వెళ్ళాలి.

మనవాళ్ళలో చాలామంది ఈ ఉత్తరాన్ని ఒక చిన్న చికాకుగానే చూస్తారు. అందులో వింత లేదు. భారతదేశంలో జ్యూరీ విధానం 1960లలోనే దాదాపు కనుమరుగయింది. 1973 నాటి నేర విచారణ స్మృతిలో దానికి చోటే లేదు. మనకు తెలిసిన న్యాయస్థానంలో తీర్పు చెప్పేది న్యాయమూర్తి ఒక్కరే. ఏ అనుభవమూ లేని పన్నెండుమంది మామూలు మనుషులు ఒక వ్యక్తి జీవితాన్ని నిర్ణయించడం మన తరానికి కొత్త. ఆ పన్నెండు కుర్చీలకు డాలస్ కౌంటీలో ఒక చరిత్ర ఉంది. ఆ కుర్చీలలో ఎవరు కూర్చోవాలన్న దానిపై ఇక్కడ దశాబ్దాల పాటు పోరాటం జరిగింది. ఆ కుర్చీల ఎదుట నిలబడి, చెయ్యని నేరానికి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, ముప్ఫై ఏళ్ళు జైలుకు వెళ్ళినవారున్నారు. ఆ పొరపాట్లు ఎలా జరిగాయో, ఎలా బయటపడ్డాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కుర్చీలలో ఎవరు?

1938లో జి. ఎఫ్. పోర్టర్ అనే నల్లజాతి విద్యావేత్తకు డాలస్‌లో జ్యూరీ పిలుపు వచ్చింది. ఆయన ఒక జూనియర్ కళాశాలకు అధ్యక్షుడు. న్యాయస్థానానికి వెళ్ళాడు. వెళ్ళిపొమ్మన్నా కదలలేదు. శ్వేతజాతీయులు కొందరు ఆయన్ను బయటకు ఈడ్చుకొచ్చి, న్యాయస్థానం మెట్లమీద నుంచి కిందికి తోసేశారు. అప్పటికి యువ న్యాయవాదిగా ఉన్న థర్‌గుడ్ మార్షల్ ఈ సంగతి తెలిసి డాలస్‌కు వచ్చాడు. తరువాతి కాలంలో అమెరికా సుప్రీమ్ కోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయినది ఈయనే. ఆయన టెక్సస్ గవర్నర్ జేమ్స్ ఆల్‌రెడ్‌ను కలిసి మాట్లాడాడు. జ్యూరీకి వచ్చే నల్లజాతివారికి రక్షణగా టెక్సస్ రేంజర్లను పంపమని గవర్నర్ ఆదేశించాడు. ఆ కాలంలో, ఆ రాష్ట్రంలో అది అనూహ్యమైన విషయం.

మెట్లమీద దౌర్జన్యం తగ్గినా కాగితంమీద వివక్ష తగ్గలేదు. నేరారోపణ చెయ్యాలా వద్దా అని ముందుగా తేల్చే గ్రాండ్ జ్యూరీలో డాలస్ కౌంటీ ఏళ్ళ తరబడి ఒక్క నల్లజాతి వ్యక్తినీ నియమించలేదు. ఆ కారణంగానే 1942లో హిల్ వర్సెస్ టెక్సస్ కేసులో సుప్రీమ్ కోర్టు ఒక శిక్షను కొట్టివేసింది. జాబితా తయారుచేసే అధికారులు ఇచ్చిన సంజాయిషీ, తమకు అర్హులైన నల్లజాతివారెవరూ తెలియదని. తెలుసుకొనే ప్రయత్నం చెయ్యకపోవడమే తప్పని న్యాయస్థానం తేల్చింది. దాంతో కౌంటీ పద్ధతి మార్చింది. ఎంత మార్చిందో 1950 నాటి కాసెల్ వర్సెస్ టెక్సస్ తీర్పులో కనిపిస్తుంది. హిల్ తీర్పు తరువాత వరుసగా 21 గ్రాండ్ జ్యూరీలు ఏర్పడితే, వాటిలో ఏ ఒక్కదానిలోనూ ఒకరికి మించి నల్లజాతి వ్యక్తి లేడు. సున్నా స్థానంలో ఒకటి వచ్చి చేరి, అక్కడే ఆగిపోయింది. సుప్రీమ్ కోర్టు ఈ శిక్షను కూడా కొట్టివేసింది.

1951లో హెన్రీ వేడ్ డాలస్ డిస్ట్రిక్ట్ అటార్నీ అయ్యాడు. 1986 చివరి దాకా ఆ పదవిలో ఉన్నాడు. గర్భస్రావ హక్కులపై వచ్చిన రో వర్సెస్ వేడ్ తీర్పులోని వేడ్ ఈయనే. కెనెడీ హంతకుడిగా పట్టుబడిన ఆస్వాల్డ్‌ను కాల్చి చంపిన జాక్ రూబీపై అభియోగం నడిపినదీ ఈయనే. ఆయన కార్యాలయానికి, పట్టిన కేసు ఓడిపోదన్న పేరుండేది. ఆ పేరు వెనుక ఉన్న పద్ధతుల్లో ఒకటి జ్యూరీ ఎంపిక. 1963లో ఆ కార్యాలయంలో ప్రాసిక్యూటర్లకోసం రాసిన సూచనల పత్రంలో యూదులను, నల్లజాతివారిని, ఇటాలియన్లను, మెక్సికన్లను, మొత్తంమీద ఏ అల్పసంఖ్యాక జాతి వ్యక్తినీ జ్యూరీలోకి తీసుకోవద్దని ఉంది. వారు ఎంత ధనవంతులైనా, ఎంత చదువుకున్నా సరే వద్దని కూడా ఉంది. ఈ చివరి మాట దగ్గర కాపెల్ తెలుగువారు ఒక్క నిమిషం ఆగాలి. మంచి చదువు, మంచి ఉద్యోగం మనల్ని ఆ జాబితా నుంచి తప్పించవని ఆ పత్రం ముందే చెప్పింది.

1960లలోనే రూపొందిన ఇటువంటి మరొక శిక్షణ పుస్తకం 1976 దాకా, బహుశా ఆ తరువాత కూడా, ఆ కార్యాలయంలో చలామణిలో ఉన్నట్టు సుప్రీమ్ కోర్టు గుర్తించింది. ఆ సందర్భం థామస్ మిల్లర్-ఎల్ కేసు. 1986లో జరిగిన ఆ విచారణకు 108 మందిని జ్యూరీ ఎంపికకు పిలిచారు. వారిలో 20 మంది నల్లజాతివారు. వివిధ కారణాలతో తొమ్మిదిమంది తప్పుకోగా మిగిలిన 11 మందిలో పదిమందిని ప్రాసిక్యూటర్లు తిరస్కరించారు. కారణం చెప్పనక్కరలేని ఇటువంటి తిరస్కరణలను జాతి ఆధారంగా వాడకూడదని బాట్సన్ వర్సెస్ కెంటకీ తీర్పు వచ్చింది ఆ ఏడాదే. మిల్లర్-ఎల్ పక్షాన సుప్రీమ్ కోర్టు తుది తీర్పు మాత్రం 2005లో గాని రాలేదు. మిల్లర్-ఎల్ నిర్దోషి కాదు. ఆ తీర్పు తేల్చింది అతడు నేరం చేశాడా లేదా అన్నది కాదు, అతడికి తీర్పు చెప్పేవారిని ఎలా ఏరారన్నది. నిర్దోషిత్వం వేరు, న్యాయమైన విచారణ వేరు. కాని రెండోది లేనిచోట మొదటిదానికి కాపలా ఉండదు.

ఒక ఇంజనీరు కథ

ఆ కాపలా లేనప్పుడు ఏమవుతుందో లెనెల్ గీటర్ ఉదంతం చెబుతుంది. గీటర్ సౌత్ కరొలైనా నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ళ నల్లజాతి ఇంజనీరు. డాలస్‌కు ఈశాన్యంగా ఉన్న గ్రీన్‌విల్ పట్టణంలో ఇ-సిస్టమ్స్ అనే రక్షణరంగ సంస్థలో పని. తీరిక దొరికితే ఊళ్ళోని పార్కుకు వెళ్ళి చదువుకోవడం, బాతులకు మేత వెయ్యడం అతడికి అలవాటు. ఆ ప్రాంతంలో దోపిడీలు జరుగుతున్న రోజులవి. పార్కు దగ్గర ఆగి ఉన్న కారు, అందులోని నల్లజాతి యువకుడు ఒక వృద్ధురాలికి అనుమానం కలిగించాయి. ఆమె పోలీసులకు చెప్పింది. ఆ అనుమానంతో మొదలైన దర్యాప్తులో గీటర్ ఫోటో చుట్టుపక్కల ఊళ్ళ పోలీసులకు చేరింది. 1982 ఆగస్టులో డాలస్ కౌంటీలోని బాల్చ్ స్ప్రింగ్స్‌లో ఒక కెంటకీ ఫ్రైడ్ చికెన్ దుకాణంలో 615 డాలర్ల దోపిడీ జరిగింది. దుకాణంలో పనిచేసేవారు ఫోటోలలో గీటర్‌ను చూపించారు.

తుపాకి దొరకలేదు, వేలిముద్రలు లేవు, డబ్బు దొరకలేదు. దోపిడీ జరిగిన సమయానికి అతడు సుమారు 50 మైళ్ళ దూరంలో ఆఫీసులోనే ఉన్నాడని సహోద్యోగులు అన్నారు. అయినా అందరూ శ్వేతజాతీయులే ఉన్న జ్యూరీ అతడు దోషి అని తేల్చి, యావజ్జీవ శిక్ష వేసింది. ఆ తరువాత సహోద్యోగులు ఊరుకోలేదు. వారిలో శ్వేతజాతీయులూ ఉన్నారు. వారు పత్రికల దగ్గరకు వెళ్ళారు. 1983 డిసెంబరులో సి.బి.ఎస్. టెలివిజన్‌లో సిక్స్‌టీ మినిట్స్ కార్యక్రమం ఈ కేసును దేశం ముందుకు తెచ్చింది. ఆ నెలలోనే అతడు విడుదలయ్యాడు. 1984 మార్చిలో అభియోగాలన్నీ ఎత్తివేశారు. ఎందుకంటే, గీటరే దొంగ అని చెప్పిన సాక్షులలో ఎక్కువమంది ఈసారి మరొక వ్యక్తిని చూపించారు.

ఆ సాక్షులు అబద్ధమాడారని ఎవరూ అనలేదు. ఆడవలసిన అవసరమూ వారికి లేదు. తుపాకి చూసి భయపడిన మనిషికి ముఖం కొద్ది క్షణాలే కనిపిస్తుంది. ఆ తరువాత పోలీసులు చూపించే ఫోటోల్లో ఒకటి ఆ జ్ఞాపకంలో ఖాళీగా ఉన్న చోట కూర్చుంటుంది. ఒకసారి గుర్తించాక, ఆ ఫోటోలో చూసిన ముఖమే అసలు ముఖంగా మిగిలిపోతుంది. తమ జాతి కానివారి ముఖాలను గుర్తించడంలో మనుషులు మరింత ఎక్కువగా పొరబడతారని మనస్తత్వశాస్త్ర పరిశోధనలు దశాబ్దాలుగా నిరూపిస్తున్నాయి. సాక్షి నమ్మకంగా చెప్పినంతమాత్రాన సరిగ్గా చెప్పినట్టు కాదు. న్యాయస్థానంలో మాత్రం నమ్మకంగా చెప్పేవారినే జ్యూరీ నమ్ముతుంది.

జాయిస్ ఆన్ బ్రౌన్ పరిస్థితి ఇంకా విడ్డూరం. 1980లో డాలస్‌లో ఒక ఫర్ దుస్తుల దుకాణంలో దోపిడీ, హత్య జరిగాయి. దుండగులు వాడిన అద్దెకారు జాయిస్ ఆన్ బ్రౌన్ పేరుమీద ఉంది. ఆ పేరే ఉన్న డాలస్ మహిళను పట్టుకున్నారు. కారు అద్దెకు తీసుకున్నది డెన్వర్‌లో ఉండే అదే పేరుగల మరొకామె అని తెలిసినా అభియోగం ఆగలేదు. తొమ్మిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక ఆమె బయటికి వచ్చింది. తరువాత తనవంటివారికోసం ఒక సంస్థ స్థాపించి 2015లో మరణించేదాకా పనిచేసింది.

జాతి ఒక్కటే కారణమని చెప్పడం కూడా చరిత్రకు అన్యాయమే. 1976లో ఒక పోలీసు అధికారి హత్యకేసులో మరణశిక్ష పడ్డ రాండల్ డేల్ ఆడమ్స్ శ్వేతజాతీయుడు. ఎరోల్ మోరిస్ 1988లో తీసిన ద థిన్ బ్లూ లైన్ అనే చిత్రం అతడి కేసులోని లొసుగులను బయటపెట్టింది. 1989లో అతడు విడుదలయ్యాడు. కేసు గెలవడమే కొలమానమైన కార్యాలయంలో ఎవరైనా బలి కావచ్చు. కాని ఆ పద్ధతి భారం అందరిమీదా సమానంగా పడలేదు. ముందుగా ఎవరిని అనుమానించాలో, ఎవరి మాట నమ్మాలో, ఎవరిని జ్యూరీలో కూర్చోనివ్వకూడదో రంగు నిర్ణయించింది.

పారవేయని దూది

గీటర్‌కు ఇంజనీర్లయిన సహోద్యోగులున్నారు, ఆడమ్స్‌కు ఒక సినిమా దర్శకుడు దొరికాడు. ఎవరూ దొరకనివారి మాటేమిటి? ఇక్కడ డాలస్ చరిత్ర ఒక అనుకోని మలుపు తిరిగింది. కౌంటీ ఆధ్వర్యంలో పనిచేసే సౌత్‌వెస్టర్న్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫోరెన్సిక్ సైన్సెస్ అనే ప్రయోగశాల నేరస్థలాల నుంచి వచ్చిన రక్తపు మరకలు, దూదిపుల్లలు, గాజుపలకలమీది నమూనాలు పారవేయకుండా భద్రపరిచింది. 1970లలో, 1980లలో వాటితో రక్తవర్గం తేల్చడం మించి చెయ్యగలిగింది లేదు. డి.ఎన్.ఎ. పరీక్ష ఒకటి రాబోతోందని ఎవరూ ఊహించలేదు. అమెరికాలో చాలా చోట్ల కేసు ముగియగానే ఇటువంటివాటిని తగలబెట్టేసేవారు. ఇక్కడ మాత్రం అవి అరల్లో నిలిచిపోయాయి.

2001లో టెక్సస్ శాసనసభ శిక్షపడ్డ ఖైదీలు డి.ఎన్.ఎ. పరీక్ష కోరడానికి వీలు కల్పించింది. అయినా కోరినవారిలో చాలామందికి అనుమతి రాలేదు. 2006 నవంబరు ఎన్నికలలో క్రెయిగ్ వాట్‌కిన్స్ డిస్ట్రిక్ట్ అటార్నీగా గెలిచాడు. టెక్సస్ చరిత్రలో ఆ పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయన. 2007లో ఆయన తన కార్యాలయంలోనే, పాత శిక్షలను తిరిగి పరిశీలించడానికి ఒక ప్రత్యేక విభాగం ఏర్పాటు చేశాడు. దేశంలో అటువంటిది అదే మొదటిది. న్యాయవిద్యార్థుల సహాయంతో, పరీక్ష కోరుతూ వచ్చిన నాలుగు వందలకు పైగా పాత అర్జీలను అది తిరగదోడింది. 2001 నుంచి 2011 వరకు డాలస్ కౌంటీలో ఇరవైమందికి పైగా డి.ఎన్.ఎ. పరీక్షలవల్ల నిర్దోషులుగా తేలారు. వారిలో ఎక్కువమంది నల్లజాతివారు. దాదాపు అన్ని కేసులలోనూ వారికి శిక్షపడటానికి కారణం ప్రత్యక్షసాక్షులు పొరపాటుగా గుర్తించడం.

వారిలో కార్నీలియస్ డుప్రీ ఒకడు. 1979లో అరెస్టయ్యేనాటికి అతడికి ఇరవై ఏళ్ళు. దోపిడీ నేరానికి 75 ఏళ్ళ శిక్ష పడింది. నేరం ఒప్పుకుంటే ముందుగా బయటపడే అవకాశం వచ్చినా అతడు ఒప్పుకోలేదు. 2010లో పరోల్ మీద విడుదలయ్యాడు. 2011 జనవరి 4న న్యాయస్థానం అతడిని నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి ముప్ఫై ఏళ్ళు జైల్లో గడిచిపోయాయి. నేరం చేశానని ఒక్కమాట అంటే తలుపు తెరుస్తామన్నప్పుడు అనకుండా ఉండటానికి ఎంత నిబ్బరం కావాలో బయట ఉన్నవారు ఊహించడం కష్టం.

అప్పటికే మరో సంఘటన కూడా పరీక్ష విలువను చూపింది. 2001లో డాలస్ పోలీసులు భారీగా కొకైన్ పట్టుకున్నామని ప్రకటించిన కేసులు వరుసగా కూలిపోయాయి. పోలీసులకు డబ్బుకోసం సమాచారమిచ్చేవారే అమాయకుల కార్లలో, షెడ్లలో పొట్లాలు పెట్టారు. పొట్లాలలో ఉన్నది గోడల పలకలకు, బిలియర్డ్స్ సుద్దకు వాడే జిప్సమ్ పొడి. ఎనభైకి పైగా కేసులు ఎత్తివేశారు. ఇరుక్కున్నవారిలో ఎక్కువమంది ఇంగ్లీషు సరిగా రాని మెక్సికన్ వలసకూలీలు. విచారణదాకా వెళితేనే ప్రయోగశాలకు పంపే అలవాటువల్ల, పొడిని పరీక్షించకముందే కొందరు బేరానికి ఒప్పుకొని నేరం అంగీకరించారు. వలసవచ్చినవాడికి భాష, న్యాయవాది, పరీక్ష మూడూ అందుబాటులో లేకపోతే సుద్దపొడి కూడా కొకైనే అవుతుంది.

ఈ అనుభవాలనుంచి టెక్సస్ కొన్ని చట్టాలు చేసింది. చెయ్యని నేరానికి శిక్షపడి జైల్లోనే 1999లో చనిపోయిన టిమ్ కోల్ అనే విద్యార్థి పేరుమీద 2009లో వచ్చిన చట్టం, తప్పుగా జైల్లో గడిపిన ప్రతి ఏడాదికీ 80,000 డాలర్ల పరిహారం నిర్ణయించింది. 2011లో, సాక్షులచేత గుర్తింపజేసే పద్ధతికి పోలీసు శాఖలన్నీ లిఖితపూర్వక నియమాలు పెట్టుకోవాలన్నారు. 2013 నాటి మైకేల్ మోర్టన్ చట్టం, ప్రాసిక్యూటర్లు తమ దస్త్రాలను ముద్దాయి న్యాయవాదికి చూపించడం తప్పనిసరి చేసింది.

విజయవాడలో దొరకనిది

ఇదంతా అమెరికా జాతివివక్ష కథ అని పక్కన పెట్టడానికి తెలుగువారికి వీలు లేదు. పుట్టుకతో నేరస్థులని ముద్రవేసే చట్టం మన గడ్డమీద కూడా ఉండేది. 1871 నాటి నేరజాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. ఎరుకలవంటి సమూహాలను పుట్టుకతోనే అనుమానితుల పట్టికలోకి ఎక్కించారు. బాపట్ల దగ్గరి స్టువార్టుపురం ఆ విధంగా వెలిసిన ఊరే. చట్టం పోయి దశాబ్దాలు గడిచినా ఆ ఊరి పేరు వింటే అనుమానపడే అలవాటు సమాజంలోనుంచి పూర్తిగా పోలేదు.

ఇటీవలి ఉదాహరణ ఇంకా దగ్గరిది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. 2008లో నందిగామ ప్రాంతానికి చెందిన సత్యంబాబు అనే దళిత యువకుడిని పోలీసులు అరెస్టు చేశారు. 2010లో విజయవాడ మహిళా న్యాయస్థానం అతడికి శిక్ష వేసింది. అతడు దోషి కాడని మొదటినుంచీ అన్నవారిలో చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే ముందున్నారు. 2017 మార్చి 31న హైకోర్టు అతడిని నిర్దోషిగా విడుదల చేస్తూ లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్ళకు పైగా జైలు, లక్ష రూపాయలు.

అసలు నేరస్థుడెవరో తేల్చడానికి కేసును మళ్ళీ తెరిచినప్పుడు, విజయవాడ న్యాయస్థానంలో ఉండవలసిన భౌతిక సాక్ష్యాలు అప్పటికే ధ్వంసమయ్యాయని తెలిసింది. 2018లో హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. సాక్ష్యాలు ధ్వంసమైన తీరుపైన కూడా కేసు నమోదయింది. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి మృతదేహాన్ని వెలికితీసి మళ్ళీ పరీక్షించవలసి వచ్చింది. డాలస్‌లో ఒక అరలో దొరికినది ఇక్కడ సమాధిలో వెతకవలసి వచ్చింది. అక్కడ తప్పుడు శిక్షను సరిదిద్దిన సాక్ష్యమే చాలా సందర్భాలలో అసలు నేరస్థుడిని కూడా చూపించింది. ఇక్కడ నిర్దోషికి విడుదల దొరికినా, చనిపోయిన అమ్మాయికి న్యాయం దొరకలేదు.

తప్పుడు శిక్షలకు పరిహారమిచ్చే చట్టం కావాలని భారత లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫార్సు చేసింది. దానికి చట్టరూపం రాలేదు.

ఉత్తరం దగ్గరికి మళ్ళీ

డాలస్ కౌంటీలో బయటపడిన తప్పుడు శిక్షల సంఖ్య చూసి, ఈ కౌంటీయే అందరికంటె అన్యాయమైనదని అనుకోవడం పొరపాటు. ఇవన్నీ బయటపడినవి. సాక్ష్యం దాచనిచోట ఇటువంటి సంఖ్యే ఉండదు. అక్కడ నిర్దోషులు లేరని కాదు, నిరూపించే దారి లేదు. డాలస్ కేసులలో కూడా అత్యాచారంవంటి నేరాలలో మాత్రమే ఇటువంటి నమూనాలు మిగులుతాయి. దోపిడీలో తుపాకి చూపి పారిపోయినవాడు వెనుక ఏమీ వదిలిపోడు. గీటర్‌మీద మోపినది అటువంటి నేరమే. అతడిని ఏ దూదిపుల్లా కాపాడగలిగేది కాదు.

కాబట్టి ప్రయోగశాల చెయ్యలేని పనిని ఆ పన్నెండు కుర్చీలలోనివారే చెయ్యాలి. ఫోటోలు ఎవరు చూపించారు, ఎన్ని చూపించారు, సాక్షి ఎంతసేపు చూశాడు, ఎంత వెలుతురులో చూశాడు, పొడిని పరీక్షించారా లేదా అన్న ప్రశ్నలు మనసులో పెట్టుకొని వినాలి. అందరూ ఒకే రకంగా ఆలోచించే గదిలో ఆ ప్రశ్నలు పుట్టవు. పార్కులో కూర్చొని చదువుకుంటున్న ఒక ఇంజనీరు ఎవరి కంటికి అనుమానంగా కనిపించాడో, ఎందుకు కనిపించాడో ఊహించగలిగిన మనిషి 1982లో ఆ జ్యూరీలో ఒక్కరైనా ఉంటే తీర్పు మారి ఉండేదేమో. టెక్సస్‌లో నేరనిర్ధారణకు పన్నెండుమందీ ఒప్పుకోవాలి. ఒక్కరు ఒప్పుకోకపోయినా చాలు.

ఎంత చదువుకున్నా తీసుకోవద్దని ఒకనాడు రాసిపెట్టిన కౌంటీయే ఈనాడు మనల్ని రమ్మని ఉత్తరం పంపుతోంది. ఈ దారిలో జి. ఎఫ్. పోర్టర్ మెట్లమీద నుంచి పడ్డాడు, హిల్, కాసెల్, మిల్లర్-ఎల్ కేసులు సుప్రీమ్ కోర్టుదాకా వెళ్ళాయి. ఆ ఉత్తరం వచ్చిన రోజున ఆఫీసులో పని ఉందని సాకు వెతికేముందు ఈ సంగతులు గుర్తు చేసుకోవాలి.